ఆంధ్ర రాష్ట్ర అవతరణను 16 పేజీల స్టాంపుల ప్రదర్శనగా కూర్చడం ఎలా: కర్నూలు నుంచి ఒక సమగ్ర మార్గదర్శి

1953 అక్టోబరు 1న మా కర్నూలు ఒక రాష్ట్రానికి రాజధాని అయింది. మద్రాసు నుంచి విడివడిన తెలుగు జిల్లాలతో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. నెహ్రూ వచ్చి ప్రారంభించారు. టంగుటూరి ప్రకాశం ముఖ్యమంత్రి, చందూలాల్ త్రివేది గవర్నరు. కార్యాలయాలకు భవనాలు చాలక డేరాలు వేసుకున్నారు. ఆ మర్నాడే, అక్టోబరు 2న, భారత తపాలా శాఖ స్మారక స్టాంపులు విడుదల చేసింది. అవి ఎవరెస్టు శిఖరారోహణకు గుర్తుగా వచ్చినవి. కొత్త రాష్ట్రం పేరు మీద ఆ ఏడాది ఒక్క స్టాంపూ రాలేదు.

ఈ సంగతి తెలిసిన రోజు నాకు మనసు చివుక్కుమంది. అమెరికాలో రాష్ట్రాల వార్షికోత్సవాలకు స్టాంపు వేయడం ఆనవాయితీ. అలబామాకు 200 ఏళ్లు నిండితే 2019లో, మెయిన్‌కు 2020లో, మిస్సోరికి 2021లో వరుసగా వేశారు. 1959లో అలాస్కా, హవాయి రాష్ట్రాలైనప్పుడు ఆ ఏడాదే చెరొక విమాన తపాలా స్టాంపు వచ్చింది. అక్కడి సేకర్తకు పని సులువు, స్టాంపు కొని ఆల్బంలో పెట్టుకుంటే సరిపోతుంది. మనకు ఆ దారి లేదు.

కానీ ఇంకో దారి ఉంది, నాకు అదే మెరుగైనదిగా కనిపిస్తుంది. ఆ మూడేళ్లలో, అంటే 1953 అక్టోబరు 1 నుంచి 1956 నవంబరు 1 దాకా, కర్నూలు తపాలా ముద్ర పడిన ప్రతి కార్డూ ప్రతి కవరూ ఒక రాజధాని నుంచి బయలుదేరిందే. స్మారక స్టాంపు ఒక సంఘటనను తర్వాత గుర్తు చేసుకుంటుంది. తపాలా ముద్ర ఆ రోజున అక్కడే ఉంది. అందుకే ఈ మార్గదర్శిలో స్టాంపు కంటే ముద్రకు పెద్దపీట వేస్తున్నాను. 2028 అక్టోబరు 1కి ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి 75 ఏళ్లు నిండుతాయి. ఇప్పుడు మొదలుపెడితే ఆ రోజుకు మీ చేతిలో 16 పేజీల మంచి ప్రదర్శన సిద్ధంగా ఉంటుంది. పదహారే ఎందుకంటే, స్టాంపుల ప్రదర్శనల్లో ఒక ఫ్రేముకు, అంటే పేజీలు అమర్చి చూపే పలకకు, మామూలుగా పట్టే కాగితాలు అన్ని.

1. ఏ తేదీ కథ చెబుతారో ముందు తేల్చుకోండి

మనకు రాష్ట్ర అవతరణ తేదీలు ఒకటి కాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం, 1956 నవంబరు 1న హైదరాబాదు రాజధానిగా ఆంధ్రప్రదేశ్, 2014 జూన్ 2న తెలంగాణ విడిపోయాక మిగిలిన నేటి ఆంధ్రప్రదేశ్. మూడింటినీ ఒకే ఫ్రేములో ఇరికించాలని చూస్తే ఏదీ నిలవదు. కర్నూలు, అనంతపురం, కడప వాళ్లకు నా సలహా మొదటి తేదీయే. ఆ కాలపు కాగితం ఇంకా మన ఇళ్లలోనే ఉంది, దాన్ని వెతకడానికి మనకంటే అనువైన వాళ్లు లేరు. 1956 నవంబరు 1ని ముగింపు పేజీగా పెట్టుకోవచ్చు.

2. పనిముట్లు

కొన మొద్దుగా ఉండే స్టాంపుల ట్వీజర్ ఒకటి, పదింతలు పెద్దదిగా చూపే భూతద్దం, ఒక స్టాక్ బుక్, కవర్లు దాచడానికి పారదర్శకమైన పాలిస్టర్ తొడుగులు, స్టాంపు అంచు దంతాలను కొలిచే పలక. చాలు. మామూలు పెళ్లి ఫోటోల ఆల్బంలో జిగురు పేజీల మధ్య స్టాంపులు పెట్టకండి. పీవీసీ తొడుగులూ వద్దు, కొన్నేళ్లకు అవి స్టాంపుకు అతుక్కుపోతాయి.

3. స్మారక స్టాంపులు సమకూర్చుకోండి

ఈ పని వారం రోజుల్లో అయిపోతుంది. మన కథకు నేరుగా సంబంధించిన మూడు స్టాంపులతో మొదలుపెట్టండి.

మొదటిది పొట్టి శ్రీరాములు స్టాంపు, 2000లో వచ్చింది. 1952 అక్టోబరు 19న మద్రాసులో నిరాహార దీక్ష మొదలుపెట్టి 58 రోజుల తర్వాత డిసెంబరు 15న ఆయన ప్రాణం విడిచారు. నాలుగు రోజులకు, డిసెంబరు 19న, నెహ్రూ రాష్ట్ర ఏర్పాటును ప్రకటించారు. రెండోది ప్రకాశం పంతులుది. ఆయన పుట్టి వందేళ్లయిన 1972లో వచ్చింది. మూడోది దామోదరం సంజీవయ్యది, 2008లో వచ్చింది. ఆయన కర్నూలు పక్కనే ఉన్న పెదపాడులో పుట్టి 1960లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. కర్నూలు నుంచి ప్రదర్శన పెడుతూ ఆ స్టాంపును వదిలేయడం నాకు ఇష్టం ఉండదు.

మూడూ డీలర్ల దగ్గర తేలిగ్గానే దొరుకుతాయి, పెద్ద ఖరీదు ఉండవు. కొనేటప్పుడు వెనుక జిగురు చెడకుండా ఉందా, అంచు దంతాలన్నీ నిండుగా ఉన్నాయా చూడండి. వాటి మొదటి రోజు కవర్లు, అంటే విడుదలైన రోజున ప్రత్యేక ముద్ర వేసినవి, దొరికితే తీసుకోండి. ప్రదర్శనలో విడి స్టాంపు కంటే కవరు ఎక్కువ మాట్లాడుతుంది.

వీటితో పాటు, రాష్ట్రం పేరు లేకపోయినా, ఆ మూడేళ్లలో వచ్చిన స్మారక స్టాంపులు కూడా కావాలి. 1953లో ఎవరెస్టు స్టాంపుల తర్వాత నవంబరు 1న టెలిగ్రాఫ్ శతాబ్ది స్టాంపులు వచ్చాయి. 1954 అక్టోబరు 1న నాలుగు స్టాంపుల వరుస ఒకటి వచ్చింది. దాని మీద కాస్త ఆగండి. 1854 అక్టోబరు 1న దేశమంతటికీ స్టాంపులు అమల్లోకి వచ్చాయి కాబట్టి వందేళ్లు నిండిన రోజున ఆ వరుస వేశారు. ఆ రోజే ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ఏడు నిండింది. ఎవరూ తలపెట్టకుండానే మన మొదటి వార్షికోత్సవం నాడు దేశం కొత్త స్టాంపులు అంటించుకుంది. ఆ స్టాంపుల్లో ఒకటి, కర్నూలు ముద్రతో, అదే తేదీతో ఉన్న కవరు నాకు ఇంతవరకూ దొరకలేదు. వెతుకుతూనే ఉన్నాను. మీకు దొరికితే అది మీ ఫ్రేములో నడిమధ్య ఉండాలి.

4. అసలు పని: పాత ఉత్తరాల వేట

మా ఇంట్లో, మీ ఇంట్లో, ప్రతి పాత ఇంట్లో ఒకప్పుడు గోడకు ఇనుప తీగ ఉండేది. వచ్చిన ఉత్తరం చదివి దానికి గుచ్చేవాళ్లు. ఏళ్ల తరబడి గుచ్చి గుచ్చి తీగ నిండాక, ఆ కట్టను అటక మీద పడేసి కొత్త తీగ పెట్టేవాళ్లు. మీకు కావలసింది ఆ కట్ట. కార్డుల మధ్యలో చిల్లు ఉంటుంది, చుట్టూ తుప్పు మరక ఉంటుంది. పోటీ ప్రదర్శనలో ఆ చిల్లుకు మార్కులు తగ్గే మాట నిజం. అయినా ముద్ర, తేదీ, చిరునామా చెడకుండా ఉంటే తీసుకోండి. వెయ్యి శుభ్రమైన కార్డుల్లో లేని తేదీ చిల్లు పడ్డ ఒక్క కార్డు మీద ఉండవచ్చు.

వెతకవలసిన ఇళ్లు ఏవంటే, ముందు వ్యాపారుల ఇళ్లు. ఆదోని పత్తి వ్యాపారులు, నంద్యాల ధాన్యం వ్యాపారులు, ఎమ్మిగనూరు చేనేత బట్టల వాళ్లు రోజూ ధరవరలు కార్డుల మీదే రాసుకునేవారు. వాళ్ల దస్తావేజుల పెట్టెల్లో ఉత్తరాలు తేదీల వరుసలో కట్టలుగా ఉంటాయి. తర్వాత వకీళ్ల ఇళ్లు. ఆ తర్వాత రిటైరైన ఉద్యోగుల ఇళ్లు. 1953లో మద్రాసు నుంచి కర్నూలుకు బదిలీ మీద వచ్చిన గుమస్తాలు కుటుంబాలను అక్కడే వదిలి వచ్చి ఉంటే, రోజు విడిచి రోజు ఉత్తరం రాసి ఉంటారు. అవి మద్రాసు వైపు ఇళ్లలో ఉంటాయి. బంధువుల ద్వారా అడిగించండి. చివరగా పాత కాగితాలు తూకానికి కొనే దుకాణాలు. నెలకోసారి వెళ్లి పలకరించి, పోస్టుకార్డుల కట్ట వస్తే పక్కన పెట్టమని చెప్పి, తూకం ధర కంటే కాస్త ఎక్కువ ఇస్తానని మాట ఇవ్వండి. ఇచ్చిన మాట నిలబెట్టుకోండి.

ఉత్తరాలు ఇచ్చే ఇంటివాళ్లతో ఒక మాట తేల్చుకోవాలి. అందులో అప్పులుంటాయి, పెళ్లి సంబంధాల బేరాలుంటాయి, చనిపోయిన బిడ్డల సంగతులుంటాయి. చిరునామా వైపు మాత్రమే చూపిస్తానని ముందే చెప్పండి, ఫోటో తీసేటప్పుడు కూడా అదే పాటించండి. నేను ఒక పెద్దావిడ దగ్గర అలా చెప్పి తీసుకున్న కట్టలో పది కార్డులు ఉన్నాయి. ఆమె ఒక్కొక్కటీ చదివించుకుని, తొమ్మిది నాకిచ్చి, ఒకటి మాత్రం మడిచి కొంగులో దాచుకున్నారు. దాని మీద ఏ ముద్ర ఉందో నేను అడగలేదు.

5. స్టాంపును కవరు నుంచి ఊడదీయకండి

దీన్ని విడిగా, గట్టిగా చెప్పాలి. చిన్నప్పుడు మా తాతగారి ఉత్తరాల మీది స్టాంపులన్నీ కత్తిరించి నీళ్లలో నానబెట్టి డబ్బాలో పోసుకున్నాను. అశోక స్తంభాలు, అజంతా ఏనుగులు నాకు మిగిలాయి. ఏ ఊరు, ఏ రోజు, ఎవరి నుంచి ఎవరికి అన్నది పోయింది. 1960కి ముందు తేదీ ఉన్న ఏ కవరునూ, కార్డునూ, ఇన్లాండు లెటరునూ ముక్క చేయకండి. విడి స్టాంపులు ఎక్కడైనా దొరుకుతాయి.

6. ముద్రను చదవడం

ఇక్కడే అసలు ఆనందం ఉంది, ఇక్కడే మోసపోయే వీలూ ఉంది. నిదానంగా చూడండి.

పగటి వెలుతురులో కిటికీ పక్కన కూర్చుని, కవరును కొద్దిగా వాల్చి భూతద్దంతో చూడండి. గుండ్రని ముద్రలో పైన ఊరి పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటుంది. మధ్యలో రోజు, నెలకు మూడక్షరాలు, ఏడాదికి చివరి రెండు అంకెలు. స్టాంపు మీద పడింది బయలుదేరిన చోటి ముద్ర. చిరునామా దగ్గర గానీ వెనుక గానీ ఉన్నది చేరిన చోటి ముద్ర. రెండు తేదీల తేడా చూస్తే ఉత్తరం ఎన్ని రోజుల్లో నడిచిందో తెలుస్తుంది. సిరా వెలిసిపోయి ఉంటే ఫోనుతో ఫోటో తీసి, నలుపు తెలుపులోకి మార్చి, నలుపును పెంచి చూడండి. కంటికి కనబడని అంకె చాలాసార్లు అలా బయటపడుతుంది.

నా దగ్గరున్న ఒక కార్డు సంగతి చెబుతాను. మధ్యలో తీగ చిల్లు, కుడి మూల నలిగింది. ఊదా సిరాతో రాసిన చిరునామాలో ఊరి కింద మొదట ‘మద్రాసు రాష్ట్రం’ అని రాసి, దాన్ని ఒకే గీతతో కొట్టేసి, పైన ‘ఆంధ్ర’ అని రాశారు. చేయి అలవాటుగా పాత మాట రాసింది, తర్వాత గుర్తొచ్చింది. ఆ ఒక్క గీతలో రాష్ట్రం పుట్టడం నాకు కనిపించినంత స్పష్టంగా ఇంకెక్కడా కనిపించలేదు. చిరునామాలు చదవమని నేను పదేపదే చెప్పడం అందుకే. 1953 అక్టోబరుకు ముందు మద్రాసు, 1956 నవంబరు నుంచి ఆంధ్రప్రదేశ్. మధ్యనున్న మూడేళ్లలోనే ‘ఆంధ్ర రాష్ట్రం’ లేదా ‘ఆంధ్ర స్టేట్’ అన్న మాట సరిగ్గా అతుకుతుంది.

ఆదోని, ఆలూరు, రాయదుర్గం ముద్రలను మరీ జాగ్రత్తగా చూడండి. 1953 సెప్టెంబరు దాకా ఈ మూడు తాలూకాలు బళ్ళారి జిల్లాలో ఉండేవి. అక్టోబరు 1న బళ్ళారి జిల్లాలో మిగతా భాగం మైసూరుకు పోయి, ఇవి ఆంధ్రలో కలిశాయి. ఆదోని, ఆలూరు కర్నూలు జిల్లాకు, రాయదుర్గం అనంతపురానికి వచ్చాయి. కాబట్టి ఆదోని వ్యాపారికి వచ్చిన రెండు కార్డులు, ఒకటి సెప్టెంబరులో ‘బళ్ళారి జిల్లా’ అని, ఒకటి తర్వాతి నెలల్లో ‘కర్నూలు జిల్లా’ అని పక్కపక్కన పెడితే ఒక పేజీ నిండుతుంది. దాని కింద వివరణ రెండు వాక్యాలు చాలు. రాయదుర్గంతో అనంతపురం సేకర్తలు ఇదే చేయవచ్చు.

కడప వాళ్లకు ఇంకో ఆనవాలు. పాత ముద్రల్లో ఆ ఊరి పేరు ఇంగ్లీషులో ‘కడ్డపా’ అని పలికే స్పెల్లింగుతో ఉంటుంది. ఆ స్పెల్లింగు 2005లో మారింది.

రాష్ట్రం పుట్టుక ముందరి కథ చెప్పాలనుకుంటే నది అవతలి ఒడ్డు కూడా చూడండి. తుంగభద్రకు ఇవతల కర్నూలు బ్రిటిషు పాలనలో ఉంటే, అవతల అలంపురం నిజాం రాజ్యంలో ఉండేది. హైదరాబాదు రాజ్యం 1869 నుంచి సొంత స్టాంపులు వేసుకుంది. ఒకే నదిలో నీళ్లు తాగే రెండు ఊళ్లకు రెండు రకాల స్టాంపులు. నిజాం స్టాంపు ఒకటి మొదటి పేజీల్లో పెడితే, 1956 నవంబరు 1న రెండు ఒడ్లూ ఒక రాష్ట్రంలోకి రావడం చూసేవాళ్లకు చివరి పేజీలో దానంతటదే అర్థమవుతుంది.

7. సర్కారు కవర్లు

రాజధాని అంటే దస్త్రాలు. ప్రభుత్వ కార్యాలయాలు మామూలు స్టాంపులు కాకుండా, అశోక స్తంభపు సింహాల బొమ్మతో ‘సర్వీస్’ అన్న మాట అచ్చైన స్టాంపులు వాడేవి. కర్నూలు ముద్ర, సర్వీస్ స్టాంపు, పంపిన శాఖ పేరు, 1953 నుంచి 1956 మధ్య తేదీ, ఈ నాలుగూ ఒకే కవరు మీద ఉంటే అది రాజధాని రోజువారీ పని చేస్తుండగా పట్టుకున్నట్టు. గ్రామ కరణాలు, మునసబుల వారసుల ఇళ్లలో, పాత పాఠశాలల బీరువాల్లో ఇవి దొరకవచ్చు. ఒక హెచ్చరిక: ప్రభుత్వ దస్త్రం నుంచి ఎవరైనా చింపి తెచ్చిన కాగితం కొనకండి. విడి కవరు, అది కూడా ఇంటివాళ్లకు వచ్చినది మాత్రమే.

ఆ మూడేళ్ల రాజకీయం కూడా ఈ కవర్ల తేదీల వెనుక ఉంది. 1954 నవంబరులో ప్రకాశం ప్రభుత్వం పడిపోయింది, కొన్ని నెలలు రాష్ట్రపతి పాలన నడిచింది, 1955 మార్చిలో బెజవాడ గోపాలరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. సర్వీస్ కవర్లను ఈ మూడు భాగాలుగా విడదీసి అమర్చండి.

8. నకిలీలను పట్టడం

డబ్బు పోసి కొనేటప్పుడు ఈ పరీక్షలన్నీ చేయండి. ముద్ర గీత స్టాంపు మీద నుంచి కవరు మీదికి తెగకుండా సాగిందా? స్టాంపు అంచు దగ్గర గీత పక్కకు జరిగినా, సిరా రంగు మారినా ఆ స్టాంపు తర్వాత అంటించిందే. స్టాంపు విలువ ఏ నాణెంలో ఉంది? దేశంలో దశాంశ నాణేలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి. నయాపైసల స్టాంపుతో 1955 కవరు ఉండదు, అణాల్లో ఉండాలి. చిరునామాలో పిన్ కోడు ఉందా? పిన్ కోడు 1972 ఆగస్టు 15న మొదలైంది. కర్నూలుకు 518001, అనంతపురానికి 515001, కడపకు 516001. ఇవి ఉన్న కవరును 1950ల నాటిదని ఎవరైనా అమ్మజూపితే మర్యాదగా వెనక్కి ఇచ్చేయండి. స్టాంపును వెలుతురుకు ఎత్తి చూస్తే కాగితంలో నీటిగుర్తు కనబడాలి. 1950ల తొలి సగంలో అది నక్షత్రాలు, 1958 నుంచి అశోక స్తంభం. కవరు మీద అంటించి ఉన్నదానికి ఈ పరీక్ష కుదరదు, విడి స్టాంపుకే.

ఒక డీలరు దగ్గర ‘1 అక్టోబరు 53’ కర్నూలు ముద్ర అని ఒక కవరు కొన్నాను. ఆత్రంలో భూతద్దం తీయలేదు. ఇంటికి వచ్చి చూస్తే చివరి అంకె 8, దాన్ని సూది మొనతో గీకి 3 చేశారు. గీకిన చోట కాగితం పీచు లేచి ఉంది. ఆ తేదీ అందరికీ కావాలి, కాబట్టి ఆ తేదీనే దిద్దుతారు. అంకె చుట్టూ కాగితాన్ని ఏటవాలు వెలుతురులో చూడనిదే డబ్బు తీయకండి.

9. తడిసినవాటిని కాపాడటం

2009 అక్టోబరు మొదట్లో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలును ముంచిన రోజులు ఇక్కడ ఎవరూ మరచిపోలేదు. మా మేనమామ ఇంట్లో ట్రంకు పెట్టె రెండు రోజులు బురద నీటిలో ఉంది. అందులో సగం ఉత్తరాలు మేమే పాడుచేశాం, తొందరపడి విడదీసి, ఎండలో ఆరబెట్టి. మిగతా సగం దక్కిన పద్ధతి ఇది.

తడిసిన కట్టను లాగి విడదీయకండి. వెడల్పాటి పళ్లెంలో శుభ్రమైన చల్లని నీళ్లు పోసి కట్టను అలాగే ఉంచితే బురద కిందికి దిగుతుంది, కాగితాలు వాటంతటవే వదులుతాయి. అయితే ముందు సిరా రాతను ఒక మూల తడి దూదితో తాకి చూడండి. రంగు కారితే నీళ్లలో పెట్టకూడదు, కాగితాల మధ్య అద్దుడు కాగితం దూర్చి అలాగే ఆరనివ్వాలి. విడివడిన కార్డును వెడల్పాటి ప్లాస్టిక్ పలకతో కింద నుంచి ఎత్తి అద్దుడు కాగితం మీద పరచండి. నీడలో, ఫ్యాను గాలి నేరుగా తగలకుండా ఆరబెట్టండి. ముప్పావు వంతు ఆరాక రెండు అద్దుడు కాగితాల మధ్య పెట్టి, పైన బరువైన పుస్తకం ఉంచి, రోజూ కాగితం మారుస్తూ వారం ఆగండి. ఒకేసారి అన్నీ చేయలేకపోతే మిగతా కట్టలను ప్లాస్టిక్ సంచుల్లో వేసి ఫ్రిజ్ ఫ్రీజరులో పెట్టండి. బూజు పట్టకుండా ఆగుతుంది, తీరిక ఉన్నప్పుడు ఒక్కొక్కటీ తీయవచ్చు.

వాడని కొత్త స్టాంపులు ఒకదానికొకటి అతుక్కుంటే నీళ్లు వద్దు, జిగురు పోతుంది. మూత ఉన్న డబ్బాలో అడుగున తడి స్పాంజి, దాని మీద జల్లెడ లాంటిది, దాని మీద స్టాంపులు. కొన్ని గంటలకొకసారి చూస్తూ ఉంటే ఆవిరికి నెమ్మదిగా విడతాయి.

మామూలు రోజుల్లో మన శత్రువు ఎండ. ఏప్రిల్, మే నెలల్లో రేకుల కప్పు కింది గదిలో, గోడకు ఆనించిన బీరువాలో ఆల్బం పెడితే స్టాంపులు జిగురు వైపుకు చుట్ట చుట్టుకుంటాయి. ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే లోపలి గదిలో, నేలకు కాస్త ఎత్తున, పుస్తకాలను నిలబెట్టి ఉంచండి.

10. పదహారు పేజీలు కూర్చడం

ఇప్పుడు మీ దగ్గర ఉన్నది నేల మీద పరచి చూడండి. నేను ఇలా సర్దాను. మొదటి పేజీ ప్రణాళిక: ప్రదర్శన పేరు, ఏ కాలం, ఏ వరుస. రెండు పేజీలు మద్రాసు రాష్ట్రపు రోజులు, నిజాం ఒడ్డు. రెండు పేజీలు శ్రీరాములు దీక్ష, ఆయన స్టాంపు, 1952 చివరి నెలల ఉత్తరాలు. ఒక పేజీ 1953 అక్టోబరు నెల, ఎవరెస్టు స్టాంపుతో. రెండు పేజీలు ఆదోని, రాయదుర్గం. ఆ తర్వాత అయిదు పేజీలు రాజధాని తపాలా: సర్వీస్ కవర్లు, గుమస్తాల కార్డులు, వ్యాపారులవి. ఒక పేజీ 1954 అక్టోబరు 1. ఒక పేజీ ప్రకాశం, సంజీవయ్య స్టాంపులు. చివరిది 1956 నవంబరు 1. మీ దగ్గర దొరికినదాన్ని బట్టి ఇది మారుతుంది, మారాలి కూడా.

పోటీకి పెట్టాలనుకుంటే మార్కుల లెక్క తెలుసుకోండి. అంతర్జాతీయ నియమాల్లో పేజీల అందానికి వందలో 5 మార్కులే. వస్తువుల స్థితికి, అరుదుతనానికి కలిపి 30. మిగతావన్నీ విషయాన్ని నడిపిన తీరుకు, మీ అవగాహనకు, పరిశోధనకు. కాబట్టి రంగు రంగుల అంచులు, పెద్దక్షరాలు, జెండా బొమ్మలు వద్దు. ప్రతి వస్తువు కింద అది ఏమిటి, దానిలో ప్రత్యేకత ఎక్కడ ఉంది అన్నది రెండు మూడు పంక్తుల్లో రాయండి. చరిత్ర పాఠం రాయకండి. ‘ఆదోని, బళ్ళారి జిల్లా చిరునామా. జిల్లా మారడానికి కొద్ది వారాల ముందు బట్వాడా అయింది’ అంటే సరిపోతుంది. కవరు వెనుక ముద్ర చూపాలంటే ఫోటోకాపీ పెట్టండి, కానీ అసలు సైజు కంటే స్పష్టంగా చిన్నదిగా ఉండాలి, అసలుదని పొరపడే వీలుండకూడదు. వస్తువును పేజీకి జిగురుతో అంటించవద్దు, మూలలకు తొడిగే పారదర్శక ముక్కలు వాడండి.

పిల్లలతో కలిసి చేయండి. తపాలా శాఖ దీన్‌దయాళ్ స్పర్శ్ పథకం కింద స్టాంపుల సేకరణ చేసే 6 నుంచి 9 తరగతుల విద్యార్థులకు క్విజ్, ప్రాజెక్టు ద్వారా ఏడాదికి 6,000 రూపాయల ఉపకార వేతనం ఇస్తోంది. పాఠశాలలో ఫిలాటెలీ క్లబ్బు ఉంటే మేలు, లేకపోతే పిల్లల పేరున ఫిలాటెలీ డిపాజిట్ ఖాతా తెరిచినా అర్హత వస్తుంది. ఆ ఖాతా ఉంటే కొత్త స్టాంపులు ఇంటికే వస్తాయి.

11. కొత్త స్టాంపు అడగడం

75 ఏళ్ల సందర్భానికి స్మారక స్టాంపు కోరుతూ ప్రతిపాదన పంపవచ్చు. అది ఢిల్లీలోని డాక్ భవన్‌లో ఫిలాటెలీ విభాగానికి వెళుతుంది, సలహా సంఘం పరిశీలిస్తుంది. ఏడాది కార్యక్రమం చాలా ముందే ఖరారవుతుంది కాబట్టి ఆలస్యం చేయకూడదు. ఒక్కరి ఉత్తరం కంటే కళాశాల, చరిత్ర పరిశోధకులు, సాహితీ సంస్థ కలిసి సంతకం చేసిన పత్రానికి బరువు ఎక్కువ. రెండు పేజీలు మించకుండా సందర్భం, తేదీ, దేశవ్యాప్తంగా దాని ప్రాముఖ్యం రాయండి. స్వతంత్ర భారతదేశంలో భాష ప్రాతిపదికన తొలి రాష్ట్రం ఏర్పడింది కర్నూలు రాజధానిగానే అన్నది మొదటి వాక్యం కావాలి.

స్టాంపు రాకపోయినా ప్రత్యేక కవరు సాధించడం అంతకంటే తేలిక. అది రాష్ట్ర సర్కిల్ స్థాయిలో, విజయవాడలోని చీఫ్ పోస్టుమాస్టర్ జనరల్ కార్యాలయం ద్వారా, నిర్ణీత రుసుముతో వస్తుంది. దానితో పాటు ఆ రోజుకే ప్రత్యేక ముద్ర తయారవుతుంది. కొండారెడ్డి బురుజు బొమ్మతో ఆ ముద్ర ఉండాలన్నది నా కోరిక. ‘మై స్టాంప్’ పేరుతో మన ఫోటో పక్కన అచ్చు వేయించుకునే షీట్లు కూడా ఉన్నాయి. బహుమతిగా బాగుంటాయి, కానీ వాటిని ప్రభుత్వ స్మారక స్టాంపుగా ప్రదర్శనలో చెప్పుకోకండి.

12. ప్రతి అక్టోబరు 1న ఒక కవరు

ఇవేవీ రాకపోయినా ఆగవలసిన పని లేదు. మంచి మందపాటి తెల్ల కవరు తీసుకుని, ఎడమ వైపు మీ బొమ్మ వేసుకోండి, కుడి వైపు చెల్లే స్టాంపు అంటించండి, మీ చిరునామా పెన్సిలుతో కాక సిరాతో రాయండి. అక్టోబరు 1 ఉదయం రద్దీ లేని వేళ కర్నూలు ప్రధాన తపాలా కార్యాలయానికి వెళ్లి, ముద్ర స్పష్టంగా, సగం స్టాంపు మీద సగం కవరు మీద పడేలా వేయమని అడగండి. కింద పెట్టుకోవడానికి ఒక మెత్తటి అట్ట మీరే తీసుకెళ్లండి, ముద్ర బాగా పడుతుంది. తర్వాత కవరును తపాలాలోనే పంపండి, చేతికి తెచ్చుకోకండి. నడిచి వచ్చిన కవరుకే విలువ.

వచ్చాక సిరా పూర్తిగా ఆరిందో లేదో చూసుకోకుండా పారదర్శక తొడుగులో పెట్టకండి. ఒక రాత్రంతా అద్దుడు కాగితాల మధ్య ఉంచి, పొద్దున దాచండి.